అబర్దీన్ పార్సెల్, ముడసర్లోవ చెమట

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 51 ఏళ్ళు. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయాక, మా వారి పోరు పడలేక ఈ వేసవిలో గోల్ఫ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ పోరు ఆయన పడుతున్నారు. వారానికి మూడు రోజులు తెల్లవారకముందే ఇద్దరం ముడసర్లోవ గోల్ఫ్ మైదానం వైపు బయలుదేరుతున్నాం. స్కాట్లాండ్‌లోని అబర్దీన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ‘శరత్కాలంలో ఆడేవాళ్ళు ఇవన్నీ వేసుకుంటారమ్మా’ అంటూ దసరాకు ఒక పార్సెల్ పంపింది. ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల బనీను, ఉన్ని స్వెట్టర్, నీళ్ళు దిగని జాకెట్టు, అలాంటిదే ప్యాంటు, తడి రాని బూట్లు. ముచ్చటపడి మొన్న చిత్త కార్తెలో అన్నీ తొడుక్కుని వెళ్ళాను. నాలుగో హోల్ (గుంట) దగ్గరికే కళ్ళు తిరిగాయి. అంతలో జల్లు కొట్టి వెలిసింది. జాకెట్టు విప్పి చూసుకుంటే, వానలో నిలబడిన మా కేడీ (ఆట సంచి మోసే మనిషి) కన్నా నేనే ఎక్కువ తడిసి ఉన్నాను! మా వారు పాత కాటన్ చొక్కాతో ఆడతారు, ఆయనదీ మధ్యలోకి వచ్చేసరికి తడిగుడ్డే. అసలు మన ఊళ్ళో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏం వేసుకుని ఆడాలి? చుడీదార్‌తో ఆడవచ్చా? పదివేలకు మించి ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు. – ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం:

ముందు ఒక చిన్న సర్దుబాటు. మీ ఉత్తరంలో ‘జాకెట్టు’ అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు చీర మీదికి కుట్టించుకునేదే గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. అందుకని ఇకమీదట దాన్ని వానకోటు అంటాను.

ఆ వానకోటును ఉంచుకోండి. పనికొస్తుంది, మీ అమ్మాయి అనుకున్న విధంగా మాత్రం కాదు. ఒంటికి అతుక్కునే బనీనును, ఉన్ని స్వెట్టర్‌ను నాఫ్తలీన్ ఉండలు వేసి బీరువాలో పెట్టేయండి. అరకు వెళ్ళినప్పుడో, లంబసింగిలో పొగమంచు చూడాలని బుద్ధి పుట్టినప్పుడో తీయవచ్చు. నీళ్ళు దిగని ప్యాంటును ఎవరికైనా ఇచ్చేయండి, చలిదేశం వెళ్ళే పిల్లలు మీ వీధిలో ఎవరో ఒకరు ఉండకపోరు. బూట్ల సంగతి తర్వాత చెబుతాను, వాటి విషయంలో నాకే రెండు మనసులు.

మీ అమ్మాయిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అబర్దీన్‌లో అక్టోబరు పగలు పన్నెండు, పదమూడు డిగ్రీలుంటే గొప్ప. పైగా ఉత్తర సముద్రం మీదినుంచి వచ్చే గాలి. అక్కడ ఒంట్లో పుట్టిన వేడిని ఒంటి దగ్గరే కట్టిపడేయాలి. అందుకే వాళ్ళకు మూడు పొరల లెక్క ఉంది. లోపలి పొర చెమటను లాగుతుంది, నడిమి పొర వేడిని నిలుపుతుంది, పై పొర వానను, గాలిని ఆపుతుంది. గోల్ఫ్ పుట్టింది ఆ దేశంలోనే గనక గోల్ఫ్ బట్టల గురించిన సలహాలు కూడా ఆ చలిలోనే పుట్టాయి. వాటిని ఉన్నవున్నట్టు తెచ్చి విశాఖలో తొడుక్కుంటే మీకు జరిగిందే జరుగుతుంది. మన ఊళ్ళో అక్టోబరు పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 24 పైనే. చలి అన్న మాటకు ఇక్కడ చోటెక్కడ? మనకున్న శత్రువు తడి. పైనుంచి వాన తడి, గడ్డిలోనుంచి మంచు తడి, ఒంట్లోనుంచి చెమట తడి. మూడింటిలో చెమటే అన్నిటికన్నా మొండిది. అది లేని రోజు ఉండదు.

వానకోటులో మీరెందుకు ఉడికిపోయారో కూడా చెప్పాలి, లేకపోతే మళ్ళీ అంతకన్నా ఖరీదైనది కొంటారు. ఆ కోటు లోపల ఒక సన్నటి పొర ఉంటుంది. వాన చుక్క అందులోనుంచి దూరలేదు, ఆవిరి మాత్రం దూరగలదు. అయితే ఆవిరి దానంతటది బయటికి నడిచిపోదు. లోపల ఎక్కువ తేమ, బయట తక్కువ తేమ ఉంటేనే ఆ తేడా దాన్ని బయటికి నెడుతుంది. అబర్దీన్ చలిగాలిలో ఉండే నీటి ఆవిరి బహు తక్కువ, అందుకే అక్కడ ఆ బట్ట చెప్పినట్టు పనిచేస్తుంది. మన చిత్త కార్తె జల్లులో గాలే ఇడ్లీ పాత్రలా ఉంటుంది. లోపలా ఆవిరే, బయటా ఆవిరే. కోటు లోపలి చెమట ఎటు పోవాలి? ఎటూ పోదు. లేబుల్ మీద ఒక చదరపు మీటరుకు రోజుకు ఇన్ని వేల గ్రాముల ఆవిరి పంపుతుందని రాసి ఉంటుంది. ఆ అంకె ప్రయోగశాలలో నిజం, ముడసర్లోవలో సగమైనా కాదు.

మన శరత్తు ఎలాంటిదో మన కార్తెలే చక్కగా చెబుతాయి. అక్టోబరు పదో తేదీ దాటాక చిత్త, 24 ప్రాంతంలో స్వాతి, నవంబరు ఆరు దాటాక విశాఖ. చిత్త అంటే నైరుతి వెనక్కి మళ్ళుతున్న రోజులు. ఎండ చురుక్కుమంటూనే ఉంటుంది, మధ్యాహ్నానికి సింహాచలం కొండల వైపు మబ్బు కట్టి పిడుగులతో కురిసి వెళ్ళిపోతుంది. 20వ తేదీ అటూఇటుగా ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. ఇక అక్కణ్ణుంచి బంగాళాఖాతంలో ఏ అల్పపీడనం పుట్టినా రెండు మూడు రోజుల ముసురే. అక్టోబరు మన ఊళ్ళో బాగా వానలు పడే నెలల్లో ఒకటని మరిచిపోకండి. విశాఖ కార్తె వచ్చేసరికి పొద్దున గాలి మారుతుంది, ఆరుబయట కారు అద్దం మీద మంచు చుక్కలు కనిపిస్తాయి. డిసెంబరు తెల్లవారుజాముల్లో మాత్రమే చలి అనదగ్గది కొంచెం ఉంటుంది, అదీ ఎనిమిదింటికల్లా సెలవు తీసుకుంటుంది.

ఇదంతా నెలల లెక్క. ఆడేవాళ్ళకు కష్టం పెట్టేది ఒకే పూటలో వచ్చే మార్పు. ఆరింటికి మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట, నిలబడితే గాలి కొండల వైపునుంచి సముద్రం వైపు మెల్లగా జారుతూ ఉంటుంది, గడ్డి తడిగా ఉంటుంది, చేతులకు హాయిగా చల్లగా తగులుతుంది. ఏడున్నరకు ఎండ వీపు మీద చెయ్యి వేస్తుంది. ఎనిమిదింటికి గాలి పూర్తిగా ఆగిపోతుంది. రాత్రి గాలికీ పగటి గాలికీ మధ్య ఉండే ఆ గంట విశాఖలో గోల్ఫ్‌కు నరకం. తొమ్మిదిన్నర, పదికి సముద్రపు గాలి మొదలై ప్రాణం లేచివస్తుంది, ఆ గాలితోపాటే ఒక్కోసారి జల్లూ వస్తుంది. పద్దెనిమిది హోల్స్ నడిచి ఆడితే నాలుగు గంటలకు పైనే పడుతుంది, ఎనిమిది పది కిలోమీటర్లు కాళ్ళు అరుగుతాయి. అంతసేపూ ఒకే చొక్కా ఈ నాలుగు వాతావరణాలనూ మోయాలి.

కాబట్టి డబ్బులు చొక్కాల మీద పెట్టండి. మీ పదివేలలో సగం పైన వాటికే పోయినా నేను ఒప్పుకుంటాను.

మా ఇంట్లోనూ మీ వారిలాంటి కాటన్ పక్షపాతి ఒకరున్నారు, ఇంకొకరు నేనే. ఉత్తరాంధ్రలో పుట్టి పొందూరు ఖద్దరును తక్కువ చేసి మాట్లాడితే నోరు కడుక్కోవాలి. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి వడికే ఆ నూలు బట్ట ఎండాకాలం అరుగు మీద కూర్చున్నవాళ్ళకు వరం. కానీ కూర్చోవడం వేరు, ఎనిమిది కిలోమీటర్లు నడవడం వేరు. నూలుకు నీళ్ళంటే ప్రేమ. మామూలు గాలిలోనే అది తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతం పట్టుకోవడమే కష్టం. చెమట పట్టినకొద్దీ నూలు తాగుతూ పోతుంది, బరువెక్కుతుంది, భుజానికీ వీపుకూ అంటుకుని చెయ్యి పైకెత్తనివ్వదు. పొడిగాలి వీచే ఊళ్ళో అదే తడి ఆరుతూ చల్లదనం ఇస్తుంది. మన గాలికి ఆరబెట్టే ఓపిక లేదు.

ఆటల చొక్కాలకు వాడే పాలిస్టర్ బట్ట అల్లిక సన్నటి జాలీలా ఉంటుంది. చెమటను అది తాగదు, ఒంటి మీదినుంచి లాగి బట్ట అంతటా పలచగా పరుస్తుంది. పలచగా పరుచుకున్న తడి, గాలి కొద్దిగా తగిలినా ఆరుతుంది. తడిగాలిలో ఇదీ అద్భుతాలేమీ చేయదు, గాలి ఆగిన ఆ ఎనిమిదింటి గంటలో పాలిస్టర్ వేసుకున్నవాళ్ళూ కారిపోతారు. తేడా అంతా పది గంటలకు తెలుస్తుంది. సముద్రపు గాలి తగలగానే ఆ చొక్కా కొద్దిసేపట్లో తేలికవుతుంది, నూలు చొక్కా ఇంటికి వెళ్ళేదాకా తడిగానే ఉంటుంది. వాసన విషయంలో మాత్రం పాలిస్టర్ పరమ దరిద్రం, దాచి లాభం లేదు. ఇంటికి రాగానే బక్కెట్లో వేసేయాలి. బట్టలు మెత్తబడాలని వేసే సువాసన ద్రవాలు దీనికి వాడకండి. అవి దారాల మీద పూతలా పట్టి చెమట లాగే గుణాన్ని చంపేస్తాయి.

రంగు గురించి మగవాళ్ళు రాసే సలహాల్లో ఒక మాట ఉండదు, అది మనం మాట్లాడుకోవాలి. తెలుపు, లేత పసుపు, లేత గులాబీ తడిస్తే లోపలిదంతా కనిపిస్తుంది. బూడిద రంగు చెమట మరకలను ఊరంతటికీ చాటుతుంది. నల్లరంగు ఎండను పీల్చుకుంటుంది. మన వాతావరణానికి నా ఓటు నడిమి రంగులకు, చిన్న చిన్న గళ్ళకు, చుక్కలకు. నెమలిపింఛం నీలం, ఇటుక రంగు, ఆకుపచ్చ. దుకాణంలో బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుని అవతలి చెయ్యి కనిపిస్తోందేమో చూడండి. కుట్టు మరుగున ఒక నీటి చుక్క వేయనిస్తే ఇంకా మంచిది. చుక్క వెంటనే విచ్చుకుని పాకితే ఆ బట్ట చెమటను లాగుతుంది, గుండ్రంగా కూర్చుంటే లాగదు.

చేతులు పొడుగువే తీసుకోండి. అక్టోబరు ఎండ తక్కువనుకుంటాం, మబ్బున్న రోజు అసలు పట్టించుకోం. చర్మాన్ని మాడ్చే కిరణాలు పలచటి మబ్బులోనుంచి దర్జాగా దిగుతాయి. చొక్కా లేబుల్ మీద యూపీఎఫ్ 50 అని ఉంటే ఆ కిరణాల్లో యాభయ్యో వంతే లోపలికి వస్తుందని అర్థం. పలచటి తెల్ల కాటన్ తడిస్తే దాని కాపు ఇంకా తగ్గిపోతుంది. పొడుగు చేతుల చొక్కా దొరకకపోతే చేతులకు తొడిగే స్లీవ్‌లు చాలు, ఇప్పుడు స్కూటర్ నడిపే ఆడపిల్లలందరి దగ్గరా ఉన్నవే.

కొనేముందు ట్రయల్ రూములో రెండు చేతులూ జోడించి క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) పట్టుకున్నట్టు కుడి భుజం మీదికి పూర్తిగా తిప్పండి. చంకలో పట్టేస్తే వద్దు. వెనక నడుము పైకి లేచిపోతే అసలు వద్దు. ఇది మన ఆడవాళ్ళకు ఇంకొంచెం ముఖ్యం. 1867లో సెయింట్ ఆండ్రూస్‌లో స్త్రీలకంటూ ఒక గోల్ఫ్ క్లబ్బు ఏర్పడ్డప్పుడు వాళ్ళు ఆడింది గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, బంతిని దొర్లించడం వరకే. క్లబ్బును భుజం కన్నా పైకి ఎత్తడం ఆడవాళ్ళకు మర్యాద కాదనేవారు ఆ కాలంలో. ఇప్పుడు మర్యాద అడ్డం లేదు, కుట్టు అడ్డం వస్తోంది. ఆడవాళ్ళ టీ షర్టులు చాలావరకు నిలబడి ఫొటో దిగడానికి కుట్టినవి. సైజు ఒకటి పెంచి తీసుకోండి, ఎవరేమనుకున్నా.

ఇక మీ చుడీదార్ ప్రశ్న. ఆడడానికి అడ్డమేమీ లేదు, చున్నీ లేకుండా, కుర్తా మోకాలి పైకి ఉంటే స్వింగ్ హాయిగా తిరుగుతుంది. నా అభ్యంతరం కింది భాగంతోనే. చుడీదార్ మడమ దగ్గర ముడతలు ముడతలుగా ఉంటుంది, తెల్లవారుజామున గడ్డిలో రెండు హోల్స్ నడిస్తే ఆ ముడతల్లోకి మంచు ఎక్కి మోకాలిదాకా పాకుతుంది. సల్వార్ అయితే గాలికి పటపటలాడి పట్టింగ్ చేసేటప్పుడు, అంటే బంతిని గుంటలోకి దొర్లించేటప్పుడు, ప్రాణం తీస్తుంది. క్లబ్బు నియమాలు వేరే సంగతి. గోల్ఫ్ క్లబ్బుల్లో సాధారణంగా కాలరున్న చొక్కా అడుగుతారు, జీన్స్‌ను రానివ్వరు. ఆడవాళ్ళ కుర్తా గురించి కొన్నిచోట్ల రాసిన నియమమే ఉండదు, ఆ రోజు ఎదురుగా ఉన్న వ్యక్తి మనసే నియమం. ఒకసారి ఆఫీసుకు ఫోను చేసి అడిగి పెట్టుకోండి. కాలరున్న పొట్టి కుర్తా, కింద మంచి ప్యాంటు వేసుకుంటే ఎవరూ నోరెత్తలేరని నా అనుభవం.

మంచి ప్యాంటు అంటే నైలాన్‌లోనో పాలిస్టర్‌లోనో కాస్త సాగే గుణం కలిపినది, పలచనిది, చీలమండ పైన ఆగేది. కింద అంచు నేలకు రాయకూడదు. జేబులు చూడండి, దయచేసి జేబులు చూడండి! ఒక దాంట్లో బంతి, ఇంకో దాంట్లో బంతిని నిలబెట్టే టీ పుల్లలు, వెనక గ్లవ్, ఇంతమాత్రం పట్టని ప్యాంటును ఆడవాళ్ళ ప్యాంటు అని అమ్ముతారు. గోల్ఫ్ పేరు పెట్టి అమ్మేవే కొనాలని లేదు. కొండలెక్కేవాళ్ళకు అమ్మే పలచటి ప్యాంట్లు ద్వారకా నగర్ వైపు ఆటవస్తువుల దుకాణాల్లో అడిగి చూడండి, పేరు మారితే ధర దిగుతుంది. లేత ఖాకీ రంగు వద్దు. తడి గడ్డి, ఎర్రమట్టి కలిస్తే అది మళ్ళీ ఖాకీ కాదు.

బూట్లకు వద్దాం. మీ అమ్మాయి పంపినవి నీళ్ళు దిగనివి. పొద్దున మంచులో వాటికి సాటి లేదు, మేజోళ్ళు పొడిగా ఉంటాయి. కానీ జల్లు గట్టిగా కొట్టి నీళ్ళు మడమ మీదినుంచి లోపలికి దిగాయో, బయటి నీళ్ళను ఆపే గోడే లోపలి నీళ్ళనూ ఆపుతుంది. బూటు చెరువవుతుంది, ఎండడానికి రెండు రోజులు. జాలీ బూట్లు మంచులోనే తడిసిపోతాయి, తడిసినంత తొందరగానూ ఆరతాయి. నేను చేసేది ఇది: విశాఖ కార్తె నుంచి సంక్రాంతి దాకా, వాన లేని మంచు రోజుల్లో, నీళ్ళు దిగనివి. అంతకుముందు ముసురు రోజుల్లో జాలీవి. మీ వారు ఒప్పుకోకపోవచ్చు. బూట్లలో తడి రాకూడదన్నది ఆయన లెక్క అయితే, వచ్చిన తడి పోవాలన్నది నా లెక్క. ఏ జత అయినా అడుగున మెత్తటి స్పైక్‌లు అరిగిపోలేదని చూసుకోండి. తడిసిన వాలు మీద పడితే మన వయసులో ఎముకలు క్షమించవు.

మేజోళ్ళు కాటన్‌వి మానేయండి. తడిసి నలిగిన కాటన్ మడత ఒక్కటి చాలు బొబ్బ లేవడానికి. బ్యాగులో ఒక పొడి జత పాలిథిన్ సంచిలో చుట్టి పెట్టుకుని తొమ్మిదో హోల్ అయ్యాక మార్చుకోండి. రెండు నిమిషాల పని, రెండో సగం కొత్త కాళ్ళతో ఆడినట్టుంటుంది. ఇంటికి వచ్చాక తడిసిన బూట్లలో పాత పేపరు ఉండలు కుక్కి ఫ్యాను కింద పెట్టండి, గంటకోసారి పేపరు మార్చండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది.

చేతుల గురించి నేను కొంచెం గట్టిగా చెప్పాలి, బట్టల సలహాల్లో దీన్ని చివర ఒక వాక్యంతో సరిపెడతారు. తడి చేతిలో క్లబ్బు జారితే చొక్కా ఎంత మంచిదైనా ఆట అక్కడితో సరి. తోలు గ్లవ్ ఒకటే పెట్టుకుని వెళ్ళేవాళ్ళు మన ఊరి అక్టోబరును ఎరగనివాళ్ళు. కనీసం మూడుండాలి. ఆరు హోల్స్‌కు ఒకటి మార్చి, విప్పినదాన్ని బ్యాగుకు బయట, నీడన తగిలించండి. జేబులో నలిపి పెట్టిన తోలు గ్లవ్ మర్నాటికి అప్పడమే. వాన గ్లవ్‌లని వేరే ఉంటాయి, బట్టతో చేసినవి. వాటి వింత గుణం ఏమిటంటే తడిసినప్పుడే పట్టు బిగుస్తుంది. పొడిగా ఉంటే అంత బాగుండవు. తువ్వాళ్ళు రెండు. ఒకటి బయట, బంతికీ క్లబ్బుకూ. రెండోది గొడుగు లోపలి ఊచలకు కట్టుకోండి, వానలో పొడిగా మిగిలే చోటు అదొక్కటే.

గొడుగంటే ఒక నియమం గుర్తొచ్చింది. మన కేడీలు మంచివాళ్ళు, వాన పడుతుంటే మీ తల మీద గొడుగు పట్టి నిలబడతారు. మీరు బంతిని కొట్టే క్షణంలో మాత్రం అలా పట్టకూడదు. మీ గొడుగు మీరే పట్టుకుని ఒంటిచేత్తో పట్ చేస్తే తప్పు కాదు, ఇంకొకరు మీకు వానో ఎండో తగలకుండా అడ్డు నిలిచిన స్థితిలో కొడితే జరిమానా పడుతుంది. స్నేహితుల ఆటలో ఎవరూ పట్టించుకోరు, పోటీలో పట్టించుకుంటారు.

ఇప్పుడు వానకోటు. మామూలు జల్లులో దాన్ని తొడగకండి. చిన్న జల్లు పది నిమిషాల్లో పోతుంది, గొడుగు కింద నిలబడండి, తడిసినా మీ చొక్కా ఆరిపోయే చొక్కానే. రెండు సందర్భాల్లో కోటు తీయాలి. ఒకటి, ముసురు పట్టి గాలితో పక్కనుంచి కొడుతున్నప్పుడు. రెండు, తడిసిపోయిన ఒంటి మీద ఈశాన్యపు గాలి వీచి వణుకు పుట్టినప్పుడు. 25 డిగ్రీల్లో వణుకేమిటని నవ్వకండి, తడి ఒంటికి గాలి తగిలితే వస్తుంది. తొడిగినప్పుడు మెడ దగ్గర, చంకల కింద జిప్పులుంటే తెరిచి ఉంచండి. వాన తగ్గగానే విప్పేయండి, ‘మళ్ళీ వస్తుందేమో’ అని ఒంటి మీదే ఉంచుకోవద్దు.

ఒకసారి నేనూ మోసపోయాను. ఒక దుకాణంలో నీళ్ళు దిగదని చెప్పి అంటగట్టిన కోటు ఇరవై నిమిషాల వానలో భుజాల దగ్గర కారింది. తప్పు నాదీ ఉంది, లేబుల్ చదవలేదు. వాటర్ రెసిస్టెంట్ అని ఉంటే చినుకులు ఆపుతుందని, అంతే. వాటర్‌ప్రూఫ్ అని ఉండి, పక్కన 10,000 మిల్లీమీటర్లు అన్న అంకె ఉంటే, ఆ బట్ట మీద పది మీటర్ల ఎత్తు నీళ్ళు నిలబెట్టినా దిగదని అర్థం. దానితోపాటు లోపలి కుట్ల మీద టేపు అంటించి ఉండాలి. బట్ట ఎంత గట్టిదైనా సూది గుచ్చిన రంధ్రాలు వేలల్లో ఉంటాయి కదా. మీ కోటు పైన నీళ్ళు ముత్యాల్లా జారడం మానేసి బట్టకు ఇంకుతున్నట్టు కనిపిస్తే పారేయకండి. పై పూత అరిగిందంతే. తేలికపాటి సబ్బుతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే తక్కువ వేడి మీద ఇస్త్రీ చూపిస్తే కొంతవరకు తిరిగి వస్తుంది.

ఏ బట్టా పనికిరాని సందర్భం ఒకటుంది. పిడుగు. మెరుపు కనిపించాక ఉరుము వినబడేలోపు లెక్కపెట్టండి, 30 సెకన్లలోపు వినబడితే అది పది కిలోమీటర్ల లోపలే ఉంది, కొండల మధ్య ఉన్నాం గనక ముందే తెలియదు. క్లబ్బులు కింద పెట్టి, గొడుగు మూసి, లోపలికి వెళ్ళిపోవాలి. ఒంటరి చెట్టు కిందికి మాత్రం పోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే బయటికి. పోటీ మధ్యలో ఉన్నా, ప్రమాదమనిపిస్తే ఎవరి అనుమతీ లేకుండా ఆట ఆపే హక్కు నియమాల్లోనే ఉంది. సైరన్ ఒకే పొడుగాటి కూతగా వినిపిస్తే బంతిని కూడా కొట్టకుండా వెంటనే ఆపేయాలి. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఫోనులో పెట్టుకోండి. బయలుదేరేముందు వాతావరణ శాఖ రాడార్ చిత్రం ఒకసారి చూడండి. ఆ రాడార్ ఉన్నది మన కైలాసగిరి మీదే, మన తల మీది మబ్బును మనకన్నా ముందు చూస్తుంది. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఆ వారం గోల్ఫ్ మరిచిపోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ కొండల మీది చెట్లను ఏం చేసిందో చూసినవాళ్ళం, ‘ఇంకా తీరం తాకలేదు కదా, తొమ్మిది హోల్స్ ఆడేద్దాం’ అనే మగవాళ్ళ మాట వినకండి.

డిసెంబరు వచ్చాక తెల్లవారుజామున కొంచెం వేడి కావాలి. అప్పుడు కూడా ఆ ఉన్ని స్వెట్టర్ వద్దు, చేతుల్లేని పలచటి గాలికోటు ఒకటి చాలు. నడుముకు, వీపుకు కాపు, చేతులకు స్వేచ్ఛ. ఏడున్నరకు మడిచి బ్యాగు పక్క జేబులో పెడితే మళ్ళీ మర్నాటిదాకా దాని అవసరం రాదు. టోపీ మీకు నచ్చిందేదైనా సరే, అంచు చుట్టూ ఉన్నది మెడను కాస్తుంది.

లెక్క చూద్దాం. చొక్కాలు మూడు, ప్యాంట్లు రెండు, గ్లవ్‌లు, మేజోళ్ళు, తువ్వాళ్ళు. వానకోటూ బూట్లూ మీ అమ్మాయి ఇచ్చేసింది గనక గోల్ఫ్ గుర్తు ఉన్న బ్రాండ్ల జోలికి పోకపోతే పదివేలలో సర్దుకోవచ్చు. డబ్బు తక్కువైతే ప్యాంటు ఒకటి తగ్గించండి, చొక్కా తగ్గించకండి. వానల్లో ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి బీరువాలో ఉంటేనే మూడు రోజులు నడుస్తుంది. కారు డిక్కీలో ఒక జత పొడి బట్టలు, ఒక పాత దుప్పటి ఎప్పుడూ ఉంచండి. తడి బట్టలతో ఏసీ కారులో ఎంవీపీ కాలనీ దాకా రావడమే నాకు తెలిసి విశాఖలో నిజమైన చలి. ఇంటికి రాగానే బ్యాగు జిప్పులన్నీ తెరిచి పెట్టండి, మన సముద్రపు తేమకు రెండు రోజుల్లో గ్లవ్‌ల మీద బూజు మొలుస్తుంది.

అమ్మాయికి స్వెట్టర్ గురించి ఏమీ చెప్పకండి, ఫొటో ఒకటి తీసి పంపండి చాలు, ఫ్యాను కింద నిలబడి. తర్వాతి పార్సెల్‌లో ఏం కావాలని అడిగితే వాన గ్లవ్‌లు అడగండి. ఎడమ చేతిది ఒక్కటే కాదు, జతగా అమ్ముతారు, రెండు చేతులకూ వేసుకోవాలి. మీ వారికీ ఒక జత. ఆయన సైజు మీరే కొలిచి పంపండి, మగవాళ్ళు ఎప్పుడూ ఒక సైజు పెంచి చెబుతారు.